అద్దాల పెట్టెల మా అమ్మ కట్టు

నాకు కోపం జల్దీ వస్తది. ఆ కోపమే రాకపోతే ఆ రోజు నా అబద్ధం నా కడుపులనే ఉండిపోయేది.

అప్పుడు ఖమ్మంల బట్టల డిజైన్ కోర్సు చదువుతున్న. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతులకు రాలే. హాస్టల్ల నా పక్క మంచం పిల్లే నా దోస్తు, మణుగూరు దిక్కుది, వాళ్ల నాయిన బొగ్గుబాయిల పనిచేస్తడు. మాది ములకలపల్లి అవతల అడివంచు ఊరు. అమ్మ ఇప్పపువ్వు ఏరుతది, తునికాకు కోస్తది, వానకాలం కూలికి పోతది. ఆ పిల్లతోని మాత్రం మా అమ్మ పాల్వంచల మిషన్ కుడతదని చెప్పిన. మొదటి రోజే బస్టాండ్ల మా దిక్కోళ్ల చీరకట్టు చూసి క్లాసోళ్లు కిసుక్కున నవ్విండ్రు. అంతే, నోట్లకెళ్లి అబద్ధం ఊడిపడ్డది. మీ ఊరికి వస్తనే అని ఆ పిల్ల అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్న. గట్ల దగ్గర దగ్గర రెండేండ్లు నడిచింది.

రెండో ఏడు మా సారు బట్టల మ్యూజియం చూసి రాసుకరమ్మన్నడు. ఇద్దరం తెల్లారంగనే బస్సెక్కి పట్నం పోయినం. అబ్బ, లోపల ఏం బట్టలు! జరీ లంగాలు, షేర్వానీలు, చెయ్యి పెడితె జారిపోయేటంత సన్నటి పట్టు. ఆ పిల్ల కుట్లు చూస్తుంటే నేను బొమ్మలు గీసుకుంట నడుస్తున్న. ఆఖరి గదిల ఒక అద్దాల పెట్టె ముందట నా కాళ్లు ఆగినయ్.

లోపల బొమ్మకు మా దిక్కు చీర కట్టిండ్రు. కొంగును నడుముకు చుట్టి ఒడి చేసి, అండ్ల ఎండిన ఇప్పపువ్వు పోసిండ్రు. ఆ ఒడేమో పొట్ట మీద నడిమిట్ల ఊయల లెక్క వేలాడుతున్నది. కింద చీటీ మీద 'అడవి స్త్రీ' అని రాసిండ్రు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అక్కడ కూసున్న మ్యూజియం మేడం కాడికి పోయి, ఇట్ల కడితె వంగంగనే పువ్వంత నేల పాలైతదని చెప్పిన. ఆమె కోప్పడలే. ఫోటో చూసి కట్టినమన్నది. నన్ను ఎగాదిగా చూసి, నీకెట్ల తెలుసమ్మా అని అడిగింది.

దోస్తు నా పక్కనే ఉన్నది. మిషన్ కుట్టే అమ్మ బిడ్డకు ఇప్పపువ్వు సంగతి ఎట్ల తెలుస్తది? పుస్తకంల చదివిన్నని అనొచ్చు. మళ్ల బొమ్మ దిక్కు చూసిన. మా అమ్మను ఎవరో ఎక్కిరించినట్టే అనిపించింది.

"మా అమ్మ ఇప్పపువ్వు ఏరుతది మేడం. నేను గూడ ఏరిన."

మేడం పెట్టె తాళం తీసి, కట్టి చూపియ్యమన్నది. బొమ్మ వంగదు గద, అందుకని చీర విప్పి దోస్తుకు డ్రెస్సు మీదనే చుట్టిన. చేతులు వాటంతట అవే నడిచినయ్. ఒడిని కుడి పక్క నడుం మీదికి తెచ్చి బిర్రుగ ముడేసిన. పువ్వు పోసి వంగమన్న. వంగింది, లేచింది, గొంతుకూసున్నది. ఒక్క పువ్వు రాలలే. మేడం మురిసిపోయి, బొమ్మకు గూడ నాతోనే కట్టిపిచ్చింది.

తిరుగు బస్సుల సూర్యాపేట దాక దోస్తు కిటికీ దిక్కు తిరిగి కూసున్నది. నేనే అబద్ధమాడిన్నని ఒప్పుకున్న. గింత పనిమంతురాలైన అమ్మను రెండేండ్లు దాచినవ్, సిగ్గులేదా అన్నది. సిగ్గుండే, అందుకే దాచిన అన్న. ఆమె నా చెయ్యి పట్టుకున్నది.

ఎండకాలం మొదట్ల నాలుగు రోజులు సెలవొస్తె ఆమెను మా ఊరికి తోల్కపోయిన. పొద్దుగాల ఇప్పచెట్ల కింద అమ్మకు ముచ్చటంత చెప్పి, మ్యూజియంల కట్టినట్టే దోస్తుకు కట్టి చూపిచ్చిన. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకొని ఒకటే నవ్వుడు. ఊళ్లె అందరి ఒడి ఎడమ పక్కకుంటదట. కుడిచేత్తోని ఏరి ఎడమ పక్కకు ఏసుకుంటరు. మా అమ్మది ఎడమచేతి వాటం, అందుకే ఆమె ఒక్కదానిదే కుడి పక్కకు. నేను చిన్నప్పటి సంది ఆమె వెనకనే ఏరిన, ఇంకొకరి నడుం దిక్కు ఎన్నడు చూడలే.

తల కొట్టేసినట్టయింది. మ్యూజియం మేడంకు జాబు రాసి సరిచేయమంట అన్న.

అమ్మ నవ్వు ఆపి, ఎడమచేత్తోని నాలుగు పువ్వులు ఏరి ఒడిలేసుకున్నది.

"వద్దు బిడ్డ, ఉండనియ్. వచ్చినోళ్లంత నన్నే చూస్తరు గద."

నేను జాబు రాయలే.