కంచె దూరిన పెద్దపిల్ల

ఉరుములక్క నోరు తెరిస్తే ఎదురు కొండ మీది గొర్రె కూడా తలెత్తి చూడాల్సిందే. ఆ పేరు ఊరికే రాలేదు. అటవీశాఖ వాళ్ళు కొండ నెత్తిన సగానికి కంచె వేసిన రోజున ఆ నోరు మరీ లేచింది. గొర్రెలు మేసి మేసి నేల బోడి అయిపోయిందట! పాత పొదలూ మొక్కలూ మళ్ళీ మొలిచేదాకా అటు తోలకూడదట! మిగతా సగంలో మేపుకోవచ్చు. కంచె లోపల మేత జరిగిందా, ఆ సగమూ మూసేస్తారు.

"బండల మీద ఏం మొలుస్తాయి, మీ మొహం!" అంది కంచె కాసే గార్డుతో.

"చూద్దాంలే అక్కా," అన్నాడతను. నెమ్మదస్తుడు, పాపం.

వాన మొహం చాటేసిన ఏడు ఇవతల గడ్డి ఎండిపోయింది. ఆకలి రుచెరగదంటారు, ఆ ఏడు అక్క న్యాయమూ ఎరగలేదు. ముందు నడిచే గొర్రె మెడలో గంట విప్పేసింది. రాత్రిపూట చీకట్లో, చప్పుడు కాకుండా కంచె అడుగు తీగ ఎత్తిపట్టి, మందను లోపలికి దూర్చింది. ఆ ముందు గొర్రె పేరు పెద్దపిల్ల. తల్లి చచ్చిపోతే సీసాపాలు పట్టి వంటింట్లో పెంచుకుంది. అది ఎటు పోతే మంద అటు.

వానలు పడ్డాక ఇవతల గడ్డి లేచింది. అక్క కంచె మాట మరిచిపోయింది, పెద్దపిల్ల మరవలేదు. ఒక పొద్దున చూస్తే తనే తలతో తీగ ఎత్తి లోపల దర్జాగా మేస్తోంది. తరమబోయిన అక్క ఆగిపోయింది. బండల సందుల్లో మోకాలెత్తు పొదలు! చిన్నప్పుడు అమ్మ వెంట కాయలు కోసుకు తిన్నవే. మళ్ళీ చూస్తాననుకోలేదు. సగం కొమ్మలు కొరికేసి ఉన్నాయి.

"ఎంత పని చేశానమ్మా!" అని అక్కడే కూలబడింది.

తీగ బిగిస్తే పెద్దపిల్ల ఇంకోచోట దూరింది. ఇవాళ అది, రేపు మందంతా.

"మీ తమ్ముడికి ఇచ్చేద్దామా? అక్కడ కంచెలుండవు," అన్నాడు మొగుడు, గోడకేసి చూస్తూ.

"నోర్ముయ్," అంది. మర్నాడు తనే దాన్ని తమ్ముడి బండెక్కించింది. అది అరుస్తుంటే భోరున ఏడ్చింది.

తెల్లారి దొడ్డి తలుపు తీస్తే ఒక్క గొర్రె కదల్లేదు. ముందు నడిచేది లేదు మరి. అక్క గూట్లోంచి గంట తీసి తన మెడలో వేసుకుని నడిచింది. మంద వెనకే కదిలింది.

కంచె దగ్గర గార్డు నోరెళ్ళబెట్టాడు. "ఇదేంటక్కా, గంట నువ్వు కట్టుకున్నావ్?"

"దానికి దూరడం నేర్పింది నేనే. కట్టాల్సింది నాకే," అంది ఉరుములక్క, ఆగకుండా.