తిన్నని గీత

రేవులో అందరూ అతణ్ణి వైర్ల మేస్త్రి అనేవారు. ఐస్ ఫ్యాక్టరీ వెనక ఒకే ఒక్క గది, కిటికీ కింద బల్ల. ఎవరైనా చిక్కుపడ్డ తీగలు పట్టుకొస్తే, "ఇదెవరమ్మా అల్లిన జడ?" అని ఎగతాళి చేసి, మధ్యాహ్నానికల్లా బాగుచేసి ఇచ్చేవాడు. నోరు కాస్త దురుసే గాని, చేతి పనికి వంక పెట్టినవాడు లేడు.

ఆ వేసవిలో అతని బావ తన పడవకు కొత్త జీపీఎస్ కొన్నాడు. పడవను తనంతట తానే నడిపే ఆటోపైలట్‌కు దాన్ని కలపమన్నాడు. ఆ పనిలో తికమకంతా రెండు తీగల దగ్గరే. జీపీఎస్‌లో దారి చెప్పే తీగ, ఆటోపైలట్‌లో వినే తీగ, ఆ రెండూ కలవాలి. చెప్పేదాన్ని చెప్పేదానికే తగిలించి, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు గంటలకొద్దీ కూర్చునే ఘనులు రేవులో బోలెడుమంది. మేస్త్రి ఒక్క పూటలో ముగించాడు.

"ఇదివరకు పాము పాకినట్టు పోయేదిరా మన పడవ. ఇప్పుడు చూడు, స్కేలు పెట్టి గీసినట్టు!" జీపీఎస్ తెర మీద పడవ వచ్చిన దారి గీత చూపించి బావ మురిసిపోయాడు.

"నువ్వు చుక్కాని పడితే పాము కూడా సిగ్గుపడాల్సిందే బావా," అన్నాడు మేస్త్రి.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున, ఆ పడవ తనంతట తానే రేవు ముఖద్వారం దగ్గరికి వచ్చేసింది. ఇంజను నడుస్తూనే ఉంది. సగం తాగిన టీ గ్లాసు ఉంది. బావ లేడు. ఒక్కడే వేటకెళ్ళి, తిరిగొచ్చే దారిలో ఎక్కడో నీళ్ళలో పడిపోయాడు.

ఎక్కడ? వెతకడానికి వెళ్ళినవాళ్ళందరూ తెర వైపే చూశారు. మనిషి నడిపే పడవైతే, చెయ్యి వదిలిన చోట గీత వంకర తిరిగేది. అక్కడే వెతికేవాళ్ళు. ఇక్కడ ఇరవై మైళ్ళలో వెంట్రుకవాసి వంకర లేదు. ఆరు రోజులు వెతికి చేతులెత్తేశారు.

"ఏం పనితనం మేస్త్రీ! మనిషి లేకపోయినా ఇంటికొచ్చేసిందే!" అన్నాడు టీ కొట్టాయన, అదో మెచ్చుకోలైనట్టు. చెంప పగలగొట్టాల్సిన మాట. మేస్త్రికి కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. ఒళ్ళంతా మొద్దుబారిపోయింది. సోల్డరింగ్ ఐరన్ వేలికి తగిలితే, కాలిన వాసన వచ్చేదాకా తెలియలేదు.

మొగుణ్ణి పోగొట్టుకున్న అక్క కూడా ఏడవలేదు. రోజూ వచ్చి బల్ల పక్కన కూర్చునేది.

"ఎక్కడ్రా?"

"తెలీదక్కా."

"కలిపింది నువ్వే కదా. నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? చోటు చెప్పరా, వెళ్ళి ఏడ్చొస్తాను. ఇంట్లో ఎటు తిరిగి ఏడవాలో తెలీట్లేదు."

వేగంలో ఏమన్నా తేడా దొరుకుతుందేమోనని లెక్కలన్నీ తిరగేశాడు. ఏమీ దొరకలేదు. తెర మీద ఏదో ఒక చోట వేలు పెట్టి "ఇక్కడే" అనెయ్యొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేది.

ఒక ఆదివారం అక్కను పడవ ఎక్కించుకున్నాడు. తను కలిపిన ఆ రెండు తీగలూ తనే ఊడదీసి, చుక్కాని పట్టుకున్నాడు. పాత గీత మీదుగానే పోనిచ్చాడు. రెండు గంటలు అలాగే పోయారు. చుట్టూ ఎటు చూసినా ఒకే రకం నీళ్ళు.

ఉన్నట్టుండి చెయ్యి వదిలేశాడు. ఎందుకు అక్కడే అంటే అతనికే తెలియదు. పడవ మెల్లగా పక్కకు తిరిగింది. తెర మీద కొత్త గీత వంగింది.

అక్క ఆ వంకర మీద వేలు పెట్టింది. "ఇక్కడేనా?"

"ఇక్కడే అక్కా."

"అబద్ధం కదూ?"

"అవును."

"సరేలే," అంది అక్క. పడవ అంచు పట్టుకుని, ఆ నీళ్ళ వైపు తిరిగి, గుండెలు పగిలేలా ఏడ్చింది.

మేస్త్రికి అప్పుడూ ఏడుపు రాలేదు. ఇంజను ఆపేసి, ఆమె ముగించేదాకా నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.