చల్లబడిన చిట్టెలుకలు

పందొమ్మిది వందల తొంభై ఒకటి, జనవరి తొమ్మిది, బుధవారం. ఉదయం ఎనిమిదింబావు. పొగమంచు విడలేదు, పైగా సన్నని జల్లు. ఆ వేళ పరిశోధనశాల వెనుక గుమ్మంలో తడిగొడుగు దులుపుతున్న యువకుణ్ణి ఎలుకలమ్మ మొదటిసారి చూసింది. చిట్టెలుకల గది ఆమె అధీనంలో ఉండేది. పంజరాలు కడగడం, పొట్టు మార్చడం, గింజలు పోయడం ఆమె పని. ఆ పేరు గుమస్తాలు వేళాకోళానికి పెట్టినదే అయినా, పిలిస్తే పలికేది.

వచ్చినవాడు పరిశోధక విద్యార్థి. "లోపలికి రావచ్చా అక్కా?" అన్నాడు. తోడబుట్టినవారు లేని ఆమెకు ఆ పిలుపు సూటిగా గుండెకు తాకింది. నాటినుంచి ఆమె తెచ్చుకొన్న భోజనంలో సగం అతనిదే.

తింటూ అతడు తన చదువు సంగతులు చెప్పేవాడు.

"ఒళ్లు ఎంత చిన్నదైతే వేడి అంత తొందరగా పోతుందక్కా. అందుకే ఇవి అస్తమానం నములుతూనే ఉంటాయి."

"మరి మీ బావది ఏనుగంత ఒళ్లు కదా, ఆయనకేం వచ్చింది, అస్తమానం నమలడానికి?"

మరుసటి చలికాలం అతడు తన ప్రయోగం కోసం గదిలో వెచ్చదనం తగ్గించి, గింజలకు కోత పెట్టించాడు. చెప్పవలసిన మాట ఒక్కటి చెప్పడం మరచాడు. తిండి చాలనప్పుడు చిట్టెలుక తన ఒంటి వేడిని తానే దించుకొంటుంది. గుండె మందగిస్తుంది, ఊపిరి ఆడుతున్నదో లేదో తెలియదు. కొన్ని గంటలకు వణికి వణికి వేడెక్కి, మళ్లీ లేస్తుంది.

తెల్లవారి ఎలుకలమ్మ వచ్చేసరికి ఆ వరుసలోనివన్నీ ముడుచుకొని, గులకరాళ్లలా చల్లగా పడి ఉన్నాయి. చచ్చినవాటిని వెంటనే మంచుపెట్టెలో పెట్టాలని అక్కడి కట్టడి. కన్నీళ్లు తుడుచుకొంటూ అన్నిటినీ చేరవేసింది. ఖాళీ పంజరాలు కడిగింది. మూలన మరచిన ఒకదానిని చివరకు చేతిలోకి తీసుకొంటే, అది అరచేతిలో వణికింది. పరుగున పోయి పెట్టె తెరిచింది. అప్పటికే ఆలస్యమైంది.

పెద్దాచార్యులు ఇద్దరినీ పిలిపించారు.

"ఇవి చల్లబడతాయని ఈమెకు చెప్పావా?"

"చెప్పానండి. ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పాను," అన్నాడతడు, కిటికీ వైపు చూస్తూ.

ఆమె తెల్లబోయింది. "ఎప్పుడు చెప్పావు తమ్ముడూ?"

"మరిచిపోయి ఉంటావక్కా."

ఆమె పని, ఇన్నేళ్ల మంచిపేరు ఆ ఒక్క మాటతో నేలపాలయ్యాయి. అబద్ధమని ఆమె ఎంత చెప్పినా ఆచార్యులు వినలేదు.

వసారాలో అతడు వెంటపడ్డాడు. "నా చదువు ఆగిపోయేదక్కా. నీకైతే ఇంకోచోట పని దొరుకుతుంది."

"నన్నొక్క మాట అడిగుంటే నేనే నెత్తిన వేసుకునేదాన్ని కదయ్యా," అని ఆమె మెట్లు దిగింది.

ఆ వారాంతానే ఆమెను పనిలోనుంచి తీసివేశారు. తరువాత బట్టలు ఉతికే దుకాణంలో ఇస్త్రీ పని చేసింది. అతడు పట్టా పుచ్చుకొని వేరొక పరిశోధనశాలలో చేరాడు. ఒకసారి ఆమె ఇంటికి వచ్చాడు. భర్త తలుపు తీసి, ఆమె లోపల ఉండగానే, లేదని చెప్పి పంపివేశాడు. ఎలుకలమ్మ తన అరవై మూడవ ఏట, నిమోనియాతో, మరణించింది.