పాన్ డబ్బాలో ఆఫీసు తాళంచెవి

ఈ సంగతి జరిగినప్పుడు నాకు అక్షరాలు రావు. నాంపల్లిలో మా చర్చివాళ్లు ఆడవాళ్లకు సాయంత్రం చదువు మొదలుపెట్టాక దిద్దుకున్నాను. అంతవరకు నోటితో చెప్పేదాన్ని. చెబుతుంటే మధ్యలో ఎవరో ఒకరు "తాళంచెవి నువ్వే ఇచ్చినవా?" అని ఆపేవారు. రాస్తే అలా ఆపేవాళ్లుండరు.

అబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్సు మూడో అంతస్తు ఆఫీసులో ఊడ్చి, చాయ్ పెట్టేదాన్ని. దవాఖానలకు మిషన్లు అమ్మే చిన్న కంపెనీ. ఎవరికి ఏ ధర చెప్పారో ఆ కాగితాలన్నీ తాళం లేని బీరువాలో ఉండేవి. ఆఫీసు తాళంచెవి మాత్రం మెట్ల కింద పాన్‌లు అమ్మే చిన్న కొట్టు, పాన్ డబ్బాలో మేకుకు వేలాడేది. ముందు వచ్చినవాళ్లు తీసుకోవాలి, చివర పోయేవాళ్లు ఇచ్చి పోవాలి. చివర పోయేది నేనే.

అమ్మకాలు చూసే అబ్బాయి ఉద్యోగం మానేశాడు. కంపెనీ నడిపే సార్ అతని లాప్‌టాప్, సిమ్ము, కార్డు వాపసు తీసుకున్నాడు, పాస్‌వర్డులు మార్పించాడు. కేకు కోసి, శాలువా కప్పి పంపారు. అతను మానేశాడని పాన్ డబ్బా ఆయనకు చెప్పాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, ఆఫీసులో మరిచిపోయిన టిఫిన్ డబ్బా కోసం వెళ్లాను. తాళంచెవి అడిగితే పాన్ డబ్బా ఆయన నవ్వాడు.

"మీ మీఠా పాన్ సార్ తీస్కపోయిండు గదమ్మా. పైననే ఉన్నడు."

మీఠా పాన్ తినేది ఆ మానేసిన అబ్బాయే. గబగబా మెట్లెక్కాను. షటరు సగం లేచి ఉంది. వంగి చూస్తే అతను బీరువా తెరిచి కాగితాలకు ఫోనుతో ఫోటోలు తీస్తున్నాడు.

"ఏం చేస్తున్నవ్ తమ్మీ గీడ?"

ఉలిక్కిపడ్డాడు. "నువ్వా అక్కా! పానం పోయింది. జరసేపట్ల అయిపోతది, కిందికి పోయి చాయ్ తాగు."

"నౌకరీ ఇడిసినంక నీకు గీడేం పని?"

"పోలీసోళ్ల లెక్క అడుగుతున్నవేంది? సార్‌కు చెప్తే నీ మీదికే వస్తది. రోజు తాళమేసేది నువ్వు. చెవి నువ్వే ఇచ్చినవని చెప్త. ఎవరి మాట నమ్ముతరో చూస్కో."

నిజమే, నా మాట ఎవరు నమ్ముతారు? ఆ పని పోతే మా ఇంటి కిరాయి ఆగిపోతుంది. నాకు జ్వరమొస్తే మందులు తెచ్చిపెట్టినవాడు కూడా అతనే. అయినా షటరు కిందే కూర్చున్నాను. నా ఫోనులో ఒకటో మీట నొక్కి పట్టుకుంటే సార్‌కు ఫోన్ పోతుంది, నొక్కాను.

"సార్, మానేసిన తమ్ముడు ఆఫీసుల ఉన్నడు. ఫోటోలు తీస్తున్నడు."

"తాళంచెవి ఎవరిచ్చిన్రు?"

"పాన్ డబ్బాయన."

"నువ్వు కాదా?"

"నేను కాదు సార్. మానేసిండని ఆయనకు మనమే చెప్పలే."

అతను నన్ను నెట్టుకుని బయటపడి, మెట్లు దిగిపోయాడు. ఖైరతాబాద్ నుంచి సార్ వచ్చేసరికి నేను అక్కడే కూర్చుని ఉన్నాను. బీరువా చూశాడు. పాన్ డబ్బా ఆయన్ని పక్కకు పిలిచి అడిగాడు. నాతో మాత్రం "రేపు మాట్లాడుదం" అన్నాడు, అంతే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున అందరికంటే ముందే వెళ్లి తాళంచెవి తీసుకున్నాను. షటరు ఎత్తకుండా సార్ వచ్చేదాకా నిలబడి, ఆయన చేతికిచ్చాను.

"తాళం మార్చుండ్రి సార్. కొత్త చెవి ఎవరికిస్తరో మీ ఇష్టం."

సార్ జేబులోంచి డబ్బులు తీసి నా చేతిలో పెట్టాడు.

"సుల్తాన్ బజార్ల మంచి తాళాలుంటయి. నువ్వే పోయి తేపో అమ్మా."

చీపురు పట్టకుండానే సుల్తాన్ బజారుకు బయలుదేరాను.