నీళ్లు నిలవాల్సిన గొంగళి

మా నెల్లూరు గొర్రెకు మాంసమే గానీ ఒంటి మీద ఉన్ని ఉండదు. అలాంటి చోట ఉన్ని మీద పుస్తకం రాస్తానంటే జనం నవ్వక ఏం చేస్తారు? రాస్తానన్నది ఆత్మకూరులో తండ్రి పెట్టిన చిన్న ఉన్ని మిల్లు నడిపే ఆసామి. కడప వైపు నుంచి నల్ల ఉన్ని తెప్పించి, నూలు తీసి, ఉదయగిరి చుట్టుపక్కల గొంగళ్లు నేసేవాళ్లకు అమ్మేవాడు. డెబ్బైల చివర్లో నేను అక్కడి హైస్కూల్లో తెలుగు అయ్యవారిని. ఆయన రాత కోడి కెలికినట్టుండేది కనుక సాపు రాసే పని నాకు పడింది. విసుక్కుంటూనే రాశాను గానీ, అంత ఇష్టంగా ఇంకే పనీ చేయలేదు.

ఉదయగిరి కొండ కింది పల్లెలో ఒక అవ్వ ఉండేది. ఆ పక్క గొంగళ్ల పనంతా ఆమె మాట మీదే నడిచేది. ఆమె చివరిదాకా విని సరేనంటే తప్ప అచ్చుకివ్వనని ఆయన పట్టు. ఒక ఆదివారం పొద్దున్నే ఆయనతో కలిసి బస్సెక్కి వెళ్లి, ఆమె అరుగు మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ‘మిల్లు నూలు గొంగళి చేతి నూలు గొంగళికి ఏమాత్రం తీసిపోదు’ అన్న వాక్యం రాగానే అవ్వ చెయ్యెత్తింది.

“ఆపు అయ్యోరా. ఇంక నేను ఇనను.”

“ఏంది అవ్వా, ఏం తప్పుండాది?” అన్నాడాయన. ముఖం వాడిపోయింది.

ఆమె రెండు రకాల గొంగళ్లూ తెప్పించింది. కొసలు నలుగురి చేత పట్టించి, ఒక్కోదానిలో కడివెడు నీళ్లు పోయించింది. వానలో గొర్రెలు కాసేవాళ్లకు నీళ్లు నిలిచేదే అసలు గొంగళి. చేతి నూలు దాన్నుంచి చుక్క జారలేదు. రెండోదాని కింద వంగి చూస్తున్న ఆసామి తడిసి ముద్దయ్యాడు. ముందు ఆయనే పగలబడి నవ్వాడు. తర్వాత మమ్మల్ని ఎవరాపగలరు?

“చేత్తో వడికిన నూలు తడిస్తే ఉబ్బి దగ్గరపడతాది నాయనా. మీ మిషను నూలుకి పురి ఎక్కువ. తడిసినా అది ఉబ్బదు,” అంది అవ్వ.

ఆయన నా కలం లాక్కుని ఆ వాక్యం కొట్టేశాడు. పైన రాశాడు: ‘నా మిల్లు నూలు గొంగళిలో నీళ్లు నిలవవు. నేనే తడిశాను.’

“ఇది అచ్చయితే మీ గిరాకీ దెబ్బతింటుందండీ,” అని చెవిలో గొణిగాను.

“తింటే తిననీ అయ్యోరా. చదువు.”

చదివాను. అవ్వ మళ్లీ మొదటినుంచీ చదవమంది. మధ్యాహ్నం బస్సు పోయింది, సాయంత్రం బస్సూ పోయింది, ఆమె కదల్లేదు. చివరి పేజీ అయ్యాక ఆయన వైపు తిరిగింది.

“మిల్లు పెట్టిన రోజే మీ నాయనకి ఈ మాట చెప్పినాను. ఇనలేదు. నువ్వు రాసినావు. అచ్చేయించుకో.”