హాల్టు మావయ్య, ఆరింటి ఏనుగు

“అన్నయ్యా, రేపు నువ్వు పోయాక నీ పక్కన మేమంతా ఎంతసేపు కూర్చోవాలో కూడా ఇప్పుడే చెప్పి పోతావా?” అని మా పిన్ని ఒకసారి మా మావయ్యని మొహమ్మీదే అడిగేసింది. ఇంకొకరైతే నొచ్చుకునేవారు. మావయ్య కళ్ళు మూసుకుని కాసేపు లెక్క కట్టాడు.

“ఎండాకాలమైతే గంటన్నర. చలికాలమైతే ముప్పావుగంట. వానాకాలంలో నేను పోను,” అన్నాడు.

“ఎండలో ఎక్కువసేపు, చల్లగా ఉంటే తక్కువసేపా? ఈయన బుర్ర తిరగేసి బిగించారర్రా,” అని పిన్ని తల కొట్టుకుంది. మేమంతా నవ్వాం. మావయ్య మాత్రం వాచీ చూసుకుని, “ఇక్కడ మన హాల్టు అయిపోయింది, లేవండి,” అన్నాడు.

ఆయన జబ్బు అదీ. ఏ చోటికి వెళ్ళినా అక్కడ ఎంతసేపు ఉండాలో ముందే నిర్ణయించేస్తాడు. నిర్ణయించినంతసేపే ఉంటాడు, ఉండనిస్తాడు. బస్సు డిపోలో ఏ బస్సు ఏ ఊళ్ళో ఎంతసేపు ఆగాలో రాసే ఉద్యోగం చేశాడు. రిటైరైన రోజున డిపోవాళ్ళు దండేసి, బస్సులన్నీ తమ దగ్గరే ఉంచుకుని, హాల్టుల్ని మాత్రం మా మీదికి పంపేశారు.

ఆయనతో సినిమాకి వెళ్ళడమంటే హంతకుడెవరో తెలియకుండా ఇంటికి రావడం. అలాంటి సినిమాలు నా జీవితంలో అరడజను దాకా ఉన్నాయి. ఒక పెళ్ళి విందులో ఐస్‌క్రీమ్ గిన్నె నా చేతికందుతుండగా “హాల్టయింది” అని భుజం తట్టాడు. ఆస్పత్రిలో కాలు విరిగిన స్నేహితుడితో, “నీకు అరగంట ఇచ్చాను. నువ్వు మాట్లాడకపోతే అందులో నష్టం నీకే,” అన్నాడు. ఆ స్నేహితుడు పాపం నొప్పి మర్చిపోయి గబగబా మాట్లాడాడు.

ఈ హాల్టుల మీద అందరికంటే గట్టిగా విసుక్కునేది అత్తయ్య. ఆవిడ హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసింది. ఇస్త్రీ మడత చెదరని చీర, గీత గీసినట్టుండే పాపిడి. “ఏం మనిషండీ మీరు! నలుగురిలో పరువు తీస్తారు!” అని ఆవిడ కసిరితే గోడలు కూడా నిటారుగా నిలబడేవి. అలా కసురుతూనే, అందరికంటే ముందు చెప్పులేసుకునేది కూడా ఆవిడే. భర్త అడుగుజాడల్లో నడిచే పాతకాలపు ఇల్లాలని మా బంధువులు మెచ్చుకునేవారు. మా బంధువులకి మెచ్చుకోవడానికి ఏదో ఒకటి కావాలి.

ఇలా ఉండగా మా ఊరి చివర జంతువుల పార్కు ఒకటి వెలిసింది. జంతువులుండవు. జంతువుల ఆకారాలుంటాయి. నీటిగుర్రం నోట్లో టికెట్లమ్ముతారు. సింహం కడుపులో కూల్‌డ్రింకులు. జిరాఫీ మెడ మీంచి పిల్లలు జారి ఇసకలో పడతారు. పెంగ్విన్ నోట్లో చెత్త వెయ్యాలి. ఇదంతా పిల్లల్లో మూగజీవాల పట్ల ప్రేమ పెంచడానికని గేటు మీద రాశారు. పెంగ్విన్ నోట్లో అరటితొక్క కుక్కిన పిల్లవాడికి పెద్దయ్యాక ఎలాంటి ప్రేమ పుడుతుందో నాకు అర్థం కాదు. కానీ మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. దానికి అర్థమయ్యే విషయం ఒక్కటే: రోజూ సాయంత్రం ఆరింటికి అక్కడ ఒక యంత్రపుటేనుగు నడుచుకుంటూ వచ్చి పిల్లల మీద నీళ్ళు చిమ్ముతుంది. దాని తరగతిలో తడవని పిల్ల తానొక్కతేనట.

ఎంతసేపు ఉండాలన్న దాని మీద ముందురోజు మా ఇంట్లో మహాసభ జరిగింది. కారు మావయ్యది. తాళం ఆయన జేబులో ఉంటుంది. కాబట్టి అధ్యక్షుడూ ఆయనే.

“గేటు తీసినప్పుడు వెళ్ళి గేటు మూసినప్పుడు రావాలి. టికెట్టు ధర చూశారా?” అంది మా ఆవిడ.

“ఆరింటిదాకా ఉంటే చాలు,” అంది మా అమ్మాయి.

మావయ్య పార్కు పటం ముందేసుకుని చాలాసేపు చూశాడు. పార్కువాళ్ళకి ఫోన్ చేసి లోపల ఎన్ని భవనాలున్నాయి, ఏది దేనికి ఎంత దూరం అని విసిగించాడు. చివరికి అద్దాలు తీశాడు. “మధ్యాహ్నం రెండింటికి లోపలికి. నాలుగుంబావుకి బయటికి.”

“తాతయ్యా!”

“అన్నీ సిమెంటు జంతువులే కదమ్మా. ఒకసారి చూస్తే చాలు. ఎంతసేపు చూసినా అవి అలాగే ఉంటాయి.”

“ఏనుగు కదుల్తుంది! నీళ్ళు పోస్తుంది!”

“ఇంట్లో కుళాయి కింద నిలబడు. నేను తిప్పుతాను.”

మా అమ్మాయి అన్నం మానేసి మంచం కింద దూరింది. “ఆ చిన్నదాని ఉసురు ఎందుకండీ పోసుకుంటారు?” అంది అత్తయ్య. మావయ్య ఆవిడ వంక ఒకసారి చూసి, పటం మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. హాల్టు మారలేదు.

మర్నాడు పార్కులో మావయ్య జంతువుల్ని చూసిందేమీ లేదు. మేం పులి ముందు నిలబడితే ఆయన పులి వెనక్కి వెళ్ళొచ్చాడు. ఒంటె దగ్గర మాయమై కొలను దగ్గర తేలాడు. “ఏం వెతుకుతున్నావు మావయ్యా?” అంటే “గాలి” అన్నాడు. నాలుగు కావస్తుండగా నాకు పంతం పుట్టింది. అడవి రైలు అని ఒకటుంది. మిడత ఆకారంలో ఉన్న ఇంజనుకి అడవితోనూ రైలుతోనూ ఏం సంబంధమో దాన్ని చేసినవాడికే తెలియాలి. అది ఎక్కేస్తే ఈయన హాల్టు గాలికి పోతుంది, ఆరింటిదాకా ఎలాగోలా సాగదీయొచ్చు అనుకున్నాను. మావయ్య ఎటో వెళ్ళినప్పుడు చూసి అందరికీ టికెట్లు కొనేశాను.

వరస చాంతాడంత ఉంది. ఎలాగో ఎక్కి కూర్చున్నాం. అత్తయ్య నా పక్కన బిగుసుకుని కూర్చుంది.

“ఇది ఎంతసేపట్లో తిరిగొస్తుంది బాబూ?”

“ఎంతైతే ఏంటత్తయ్యా, చల్లగా ఉంది కదా. హాయిగా కూర్చోండి.”

ఆవిడ హాయిగా కూర్చోలేదు. చేతిసంచీ పట్టీని మెలిపెడుతూ ప్లాట్‌ఫారం వైపే చూస్తోంది. రైలు కూతపెట్టి కదిలింది. సరిగ్గా అప్పుడు ప్లాట్‌ఫారం మీదికి మావయ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు.

“ఆపండి! రైలాపండి! హాల్టయిపోయింది!”

రైలు నడిపే కుర్రాడు పట్టించుకోలేదు. మావయ్య గోడ మీదున్న ప్రమాదపు గంట తాడు పట్టుకుని వేలాడాడు. పార్కంతా గణగణలాడింది. రైలు కీచుమని ఆగింది. వెనక పెట్టెలో ఎవరి పాప్‌కార్నో నా నెత్తిన పడింది. పిల్లలు ఏడుపు, పెద్దలు తిట్లు. “ఎవరండీ ఆ పిచ్చాయన?” అని వెనకావిడ అడిగితే, మా ఆవిడ “ఎవరో ఏమో” అంది.

అత్తయ్య లేచి నిలబడింది. “ఈ మనిషితో వేగలేను! మీరు కూర్చోండి, నేను పోయి చూస్తాను,” అని దిగి, ఆయన్ని రెక్క పట్టుకుని విసవిసా లాక్కుపోయింది.

ఈసారి తేల్చేద్దామని నేనూ దిగి వెనకాలే వెళ్ళాను. చింపాంజీ బొమ్మ వెనక ఆడవాళ్ళ మరుగుదొడ్డి ఉంది. దాని తలుపుకి వీపు ఆనించి, భుజాన అత్తయ్య చేతిసంచీ తగిలించుకుని, మావయ్య కాపలా నిలబడ్డాడు. వచ్చే పోయే ఆడవాళ్ళు ఆయన్ని చూసే చూపులకి చింపాంజీ కూడా సిగ్గుపడాలి.

“ఇక్కడేం చేస్తున్నావు?”

“గొళ్ళెం ఊడిపోయిందిరా,” అన్నాడు నెమ్మదిగా. “మెల్లగా మాట్లాడు.”

“అంటే...”

“బీపీకి నీళ్ళ బిళ్ళ వేసుకుంటుంది, మాటిమాటికీ వెళ్ళాల్సొస్తుంది. ఎండలో కాస్త పర్లేదు. చలిలో ముప్పావుగంట కూడా కష్టం.”

“మరి చెప్పొచ్చుగా? అందరం మనుషులమే కదా!”

“నువ్వు మనిషివే. ఆవిడ హెడ్‌మిస్ట్రెస్. ముప్ఫయ్యేళ్ళు పిల్లలు చెయ్యెత్తి అడిగితే గానీ పంపలేదు. ఇప్పుడు మీ అందరి మధ్య తను చెయ్యెత్తుతుందా?”

“కనీసం నాకైనా...”

“నీకు చెబితే జాలిపడతావు. నీ కళ్ళల్లో జాలి కనబడిందనుకో, ఆవిడ మళ్ళీ మీ గడప తొక్కదు. నాకు పిచ్చంటే ఎవరికేం నష్టంరా? బస్సైనా అంతే కదా. హాల్టు కాఫీ కోసమని ప్రయాణికులు అనుకుంటారు. ఎక్కడ శుభ్రమైన దొడ్డి ఉందో చూసి రాస్తాం మేం.”

తలుపు చప్పుడైంది. అత్తయ్య చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ బయటికొచ్చి నన్ను చూసింది. మొహం ఒక్క క్షణం పాలిపోయింది. మరుక్షణం బడి గంట కొట్టినట్టు నిటారుగా నిలబడింది.

“చూశావా బాబూ! రైలాపేశాడు నీ మావయ్య! మనిషేనా అసలు?”

“తప్పే,” అన్నాడు మావయ్య సంచీ అందిస్తూ.

“మనిషి కాదత్తయ్యా,” అన్నాను నేను. “ఈయన్ని ఇక్కడే ఏదో ఒక బోనులో పెట్టించాలి.”

అత్తయ్య మొహంలోకి రంగు తిరిగొచ్చింది.

అప్పటికే రైలు దిగేసి, అవతల గేటు దగ్గర మా ఆవిడ చెయ్యి పట్టుకుని మా అమ్మాయి నిలబడి ఉంది. ఇంటికి పదమంటారని దానికి తెలుసు. ఏడవడానికి పెదవి సిద్ధం చేసుకుంది. మావయ్య వాచీ చూశాడు.

నేను ఆయన్ని పక్కకి లాగాను. “ఏనుగొచ్చే మైదానం పక్కన ఇంకోటుంది మావయ్యా. పెద్దది.”

“గొళ్ళెం?”

“తెలీదు.”

“నీళ్ళు?”

“కనుక్కొస్తాను.”

వెళ్ళాను. మగవాళ్ళ తలుపు మీద మగ ఎలుగుబంటి, ఆడవాళ్ళ తలుపు మీద ఆడ ఎలుగుబంటి గీశారు. తేడా ఎలుగులకే తెలియాలి. ఊడ్చే ఆవిణ్ణి పట్టుకుని, ఆడవాళ్ళ దొడ్డికి గొళ్ళెం గట్టిగా ఉందా అని అడిగాను. ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసి, చీపురు తిరగేసి పట్టుకుంది. యూనివర్సిటీలో చదివిన చదువంతా ఖర్చుపెట్టి ఆవిడకి నచ్చజెప్పుకుని, జవాబు తెచ్చుకుని బయటపడ్డాను.

“ఇత్తడి గొళ్ళెం. కుళాయిలో ధారగా నీళ్ళు. పినాయిలు వాసన.”

మావయ్య గొంతు సవరించుకున్నాడు. “అందరూ వినండి! ట్రాఫిక్ దృష్ట్యా హాల్టు ఏనుగు దాకా పొడిగించడమైనది!”

“ఏ ట్రాఫిక్ తాతయ్యా?” అంటూనే మా అమ్మాయి గాల్లోకి ఎగిరింది.

“మీ ఇష్టమొచ్చినట్టు మార్చుకుంటారా? ఒక మాట మీద నిలబడరేం?” అని అత్తయ్య కసిరింది. ఆమాట అంటూనే దారిలో మా అమ్మాయికి పెద్ద ఐస్‌క్రీమ్ కొనిపెట్టింది.

ఆరింటికి ఏనుగు వచ్చింది. ఒక చెవే ఊగింది. తోక స్థానంలో కరెంటు తీగ వేలాడుతోంది. అది చిమ్మిన నీళ్ళు తొట్టి అడుగు వాసన వేశాయి. ఇంత నాసిరకం జంతువుని నేను ఎక్కడా చూడలేదు. మా అమ్మాయి నిలువెల్లా తడిసి, గొంతు పోయేదాకా అరిచి, మళ్ళీ తడవడానికి వరసలో నిలబడింది. అత్తయ్య మధ్యలో ఒకసారి “చెయ్యి కడుక్కొస్తాను” అని లేచి వెళ్ళి తీరిగ్గా వచ్చింది. మావయ్య ఏనుగునే చూస్తున్నాడు. వాచీ జేబులో ఉంది.

ఇంత జరిగాక ఆయన్ని క్షమించేశానని అనుకోకండి. ఆ అరడజను సినిమాల్లో హంతకులెవరో ఆయన నాకు ఇప్పటికీ బాకీ. పైగా మేం బయటికొస్తుంటే రైలు మేనేజరు గేటు దగ్గర అడ్డుపడి, అకారణంగా రైలాపినందుకు జరిమానా రాశాడు. కారణం చెబితే వదిలేస్తానన్నాడు. మావయ్య, “కారణం ఏముంది, నాకు పిచ్చి,” అని చెప్పి, చిరునామా అడిగితే నాది ఇచ్చాడు.

ఆ జరిమానా ఇంకా కట్టలేదు.