అక్క పాటలో దగ్గు

ఓడరేవు పక్కన గార్డెన్ రీచ్‌లో ఉన్నప్పుడు ఇంట్లో కంప్యూటర్ మీద సరదాగా పాటలు కట్టేవాణ్ణి. పాడేది మా అక్క. గొంతు ఆపరేషన్ అయ్యాక ఆమెకు గుసగుస తప్ప మాట రాలేదు. పాట పూర్తిగా పోయింది.

ఆ రోజుల్లోనే నా మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వచ్చింది. అందులో పాత పాటలు తెరుచుకోవని కంప్యూటర్ దుకాణం నడిపే బెంగాలీ దాదా ముందే చెప్పాడు. పెట్టించాలా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడాను. చివరికి అక్క గొంతునైనా విడిగా దాచుకుందామని, ఒక ఆదివారం ఒక పాత పాటలో వాయిద్యాలన్నీ ఆపేసి ఆమె పాడింది మాత్రమే వినిపించేలా పెట్టాను. చరణాల మధ్య చిన్న దగ్గు వినబడింది. తబలా మోతలో అదెప్పుడూ మా చెవిన పడలేదు.

"అప్పుడే ఉన్నాదిరా ఆ దగ్గు," అంది అక్క గుసగుసగా.

"తీసీమంటావా?"

"వద్దురా, అదీ నాదే కదా. నువ్వు కొత్తది పెట్టుకో. నాకోసం ఆగిపోడం ఏటి?"

దగ్గుతో సహా ఆ గొంతు దాచి, కొత్తది పెట్టించాను. అందులో వాయిద్యాలు బోలెడు. వాటితో ఒక బాణీ కట్టి, పల్లవి దగ్గరికి రాగానే అలవాటుగా అక్క వైపు తిరిగాను. ఆమె మెల్లగా తల తిప్పుకుంది.